తగ్గిందన్నారు

మా తమ్ముడు చెన్నకేశవరావుకు ప్రశ్నలడిగే జబ్బు ఉంది. యుద్ధానికి వెళ్ళకముందు ఈ జబ్బు లేదు. బర్మా సరిహద్దులో సైన్యం ఆసుపత్రిలో డాక్టరుగా చేసి, యుద్ధం ముగిశాక నరసరావుపేట వచ్చి సొంతంగా వైద్యశాల పెట్టుకున్నాడు. పెట్టిన దగ్గర్నుంచీ ఇదే గోల.

“అక్కా, అక్కడ ప్రతి మంచానికీ జ్వరం, మందు రాసిన అట్ట ఒకటి వేలాడేది. మనిషి లేచి నడిచిపోయినా, ప్రాణం పోయినా ఎందుకన్నది మాకు తెలిసేది. ఇక్కడ సీసా పట్టుకుని గుమ్మం దిగుతారు, అంతే. మళ్ళీ మనిషీ కనపడడు, కబురూ తెలియదు. ఇచ్చిన మందు పనిచేసిందో లేదో తెలియకుండా రేపు ఇంకొకరికి అదే మందు ఎట్లా ఇచ్చేది?”

“ఊళ్ళో డాక్టర్లందరూ ఎట్లా ఇస్తున్నారో నువ్వూ అట్లాగే ఇవ్వు” అన్నాను. వాడికి నచ్చలేదు. ఇంటింటికీ వెళ్ళి కనుక్కోవాలన్నాడు. ఎక్కువమంది రోగులు ఆడవాళ్ళు, అందులో సగం మంది గోషా ఇళ్ళవాళ్ళు. మగవాడు వెళితే గుమ్మంలోనే నిలబడాలి. అందుకని ఆ పని నాకు అంటగట్టాడు.

నాకు మాత్రం వేరే ఏం పనుంది? మా ఆయన పోయి, తమ్ముడింటికి వచ్చి చేరిన దగ్గర్నుంచీ కాలు ఒకచోట నిలవదు. వంట అయ్యాక వాకిట్లోకి వస్తాను, వీధి చూస్తాను, లోపలికి వెళ్ళి సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుతాను. దానికి తోడు కడుపులో మంట. తమ్ముడు సుద్ద కలిపినట్టుండే మందొకటిచ్చాడు. “తగ్గిందా అక్కా?” అని ఆశగా అడిగాడు. “తగ్గిందిరా” అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది.

అలా ఆ ఎండాకాలమంతా గొడుగేసుకుని ఊరు తిరిగాను. వడగాలికి వీధి కుక్కలు కూడా కాలవల్లోంచి లేవని రోజులవి. ఎవరింటికి వెళ్ళినా ఒకటే మాట. తగ్గిందమ్మా. చానా బాగా తగ్గింది. అయ్యగారి హస్తవాసి మంచిది. కూర్చోమని పీట వేసేవాళ్ళు, చేతిలో తమలపాకులు పెట్టేవాళ్ళు. నేను వచ్చి చెబితే తమ్ముడు రాసుకునేవాడు. యుద్ధంలో వాడిన సల్ఫా బిళ్ళలంటే వాడికి ప్రాణం. రోగి ఆసుపత్రి మంచం ఎక్కాల్సిన పని లేదు, ఆ బిళ్ళలు ఇంటికిచ్చి పంపినా జ్వరాలు నయమవుతాయి అని గుంటూరులో డాక్టర్ల సభలో చదవడానికి ఒక వ్యాసం మొదలుపెట్టాడు.

నకరికల్లు నుంచి ఇమాం సాహెబ్ అని జట్కా తోలే ముసలాయన వచ్చిన రోజున వాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బాలింత కూతురికి జ్వరమని ఆయన అంతకుముందు బిళ్ళలు తీసుకెళ్ళాడు. ఈసారి గంపెడు తాటిముంజలు తెచ్చి అరుగు మీద దించి, తమ్ముడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

“జొరం తగ్గింది బాబూ. చల్లటి చెయ్యి మీది. నూరేళ్ళు బతకండి.”

ముసలాయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. మాకూ చెమర్చాయి. ముంజలు తింటూ తమ్ముడు, “చూశావా అక్కా, పని చెయ్యడమంటే ఇదీ” అన్నాడు.

నాకెందుకో కుదురు లేకుండా పోయింది. ఇంతమందిలో ఒక్కరికైనా తగ్గకుండా ఉండాలి కదా? మా నాన్న పోయినప్పుడు గుంటూరు నుంచి పెద్ద డాక్టరు వచ్చాడు, అయినా తగ్గలేదు. మా ఆయనకూ తగ్గలేదు. మరి మా వాడి చేతిలో ఏముందని ఊరందరికీ తగ్గుతోంది? ఈ మాట అంటే తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు. “నీకు మంచి మాట వింటే నిద్రపట్టదక్కా” అన్నాడు. ఆ మాటా నిజమే.

ఆ రోజుల్లోనే హబీబ్ వచ్చాడు. వినుకొండ రూట్లో బొగ్గుతో నడిచే బస్సు తోలేవాడు, దాని మరమ్మతులన్నీ తనే చేసుకునేవాడు. ఒంటి నిండా మసి. భార్య అబిదా పుట్టింట్లో తొలికాన్పై పడుకుని ఉందనీ, జ్వరం దిగడం లేదనీ చెప్పాడు. ఆ పుట్టిల్లు మా వీధికి దగ్గరే, మసీదు వెనక సందులో. తమ్ముడు వివరాలడిగి సల్ఫా బిళ్ళలు కట్టిచ్చాడు. “నీళ్ళు బాగా తాగించాలి. కడివెడు తాగించాలి, తెలిసిందా?” అన్నాడు.

“అట్టాగే సార్” అన్నాడు హబీబ్.

నేను కనుక్కోవడానికి వెళ్ళాను. అబిదా తల్లి ఖాతూన్ బీ గుమ్మంలోకి ఎదురొచ్చింది. “తగ్గింది అక్కా, బాగుంది. ఇంత ఎండలో మీరెందుకు వచ్చారు?” అంటూ పీట వేసింది. బాలింత గదికి అడ్డంగా పరదా ఉంది. గాలికి అది కాస్త తొలగినప్పుడు అబిదా కనిపించింది. గోడకు జారగిలబడి, ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటోంది. చూపు మాత్రం నా మీద లేదు, వసారాలో ఉన్న కూజా మీద ఉంది. ఒళ్ళో పసిబిడ్డ ఏడుస్తున్నా చూపు తిప్పలేదు.

ఇంటికొచ్చి, “తగ్గిందటరా” అని తమ్ముడితో చెప్పాను. చెప్పానే గానీ నా మనసు కుదుటపడలేదు. అన్నం ముందు కూర్చుని లేచాను. మర్నాడు పొద్దున్న కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటే, కూరగాయల గంపతో బుల్లెమ్మ వచ్చింది. దాని మీద నాకు ముందే కోపం ఉంది. ముందురోజు అది అంటగట్టిన దోసకాయ పప్పులో వేస్తే పప్పంతా చేదు.

“ఏమే బుల్లెమ్మా, చేదుకాయ చేతిలో పెట్టి తియ్యగా ఉందని ఒట్టేస్తావా? సిగ్గుందా నీకు?”

బుల్లెమ్మ గంప దించి ఇంతెత్తున లేచింది. “మీ తమ్ముడు చేదు మందు చేతిలో పెట్టి తగ్గిద్దని చెప్పలా? నేనేమన్నా అన్నానా?”

“మందు సంగతెందుకు? నీ మనవడికి తగ్గిందని నువ్వే అన్నావుగా!”

“అన్నా. అనక? ఎండలో పడి మా గడపలోకి వచ్చిన మనిషి మొహం మీద తగ్గలేదని చెప్తానా? నాకు ఆ మాత్రం మర్యాద తెలవదా?”

“అయితే తగ్గలేదా?”

“ఏం తగ్గుద్ది? రెండు గుక్కలు తాగి కక్కాడు. మిగతాది దిబ్బలో పోశాం. ఆడి అదృష్టం బాగుండి జొరం దానంతటదే పోయింది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మరి డాక్టరుకి ఆ ముక్క చెప్పొద్దటే?”

“ఏందమ్మా మీరు మాట్లాడేది?” బుల్లెమ్మ గొంతు తగ్గించింది. నాకు తెలియని సంగతి నేర్పుతున్నట్టు దగ్గరికొచ్చింది. “తగ్గలేదని పది నోళ్ళు అంటే ఆ బాబు చెయ్యి చెడిపోదా? హస్తవాసి పోతే మళ్ళీ వస్తదా? రేపు ఇంకోళ్ళ బిడ్డకి ఆ చెయ్యి ఎట్టా పనిచేస్తది? ఊళ్ళో ఎవరూ అనరు. మీరు ఎవరినన్నా అడగండి, అందరూ తగ్గిందనే చెప్తారు.”

కూజా మీద నిలిచిపోయిన ఆ పిల్ల చూపు గుర్తొచ్చింది. గొడుగు కూడా తీసుకోకుండా మసీదు వెనక సందుకు పరుగెత్తాను.

ఖాతూన్ బీ ఎప్పటిలాగే ఎదురొచ్చి, ఎప్పటిలాగే చెప్పింది. “తగ్గింది అక్కా.”

మర్యాదగా అడిగితే మర్యాదే వస్తుందని అప్పటికి నాకు తెలిసిపోయింది. బుల్లెమ్మ నిజం చెప్పింది పోట్లాటలో. నడుం మీద చెయ్యి వేసుకుని గొంతు పెంచాను.

“తగ్గితే ఇంకా ఆ పడకేంది? పురుడు మీ అమ్మాయొక్కదానికే వచ్చిందా? మంచం దిగకుండా నాటకాలాడుతోంది. నువ్వు గారాబం చేసి చెడగొడుతున్నావు.”

ఖాతూన్ బీ ముఖం జేవురించింది. అంతవరకూ నన్ను అక్కా అని తప్ప పిలవని మనిషి.

“నాటకమా? నీకు కడుపున పుట్టిన బిడ్డలుంటే తెలిసేది! నిన్న పొద్దుట్నించీ పిల్లకి ఉచ్చ బొట్టు రాలా. అంతకుముందు వచ్చిన కాస్తా నెత్తురే. నడుం నొప్పికి పళ్ళు కరుచుకుని ఏడుస్తంది. మీ బిళ్ళలు మింగిన కాడి నుంచే ఇది. నాటకమంట!”

నాకు బిడ్డల్లేని మాట తగలాల్సిన చోటే తగిలింది. పట్టించుకోలేదు. “నీళ్ళు ఎన్ని తాగింది?” అన్నాను.

“నీళ్ళా?” నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “బాలింతకి నీళ్ళు పోస్తారా ఎవరన్నా? ఒళ్ళు నీరు పట్టి చచ్చిపోదా? వాము కషాయం గొంతు తడవడానికి పోస్తన్నాం.”

“డాక్టరు కడివెడు తాగించమన్నాడు గదా!”

“మగాడికి పురిటి సంగతులేం తెలుసు? అల్లుడు అట్టాగేనని వచ్చాడు. పెద్దమనిషి మొహం మీద కాదంటాడా?”

పక్కింటి పిల్లను పరుగెత్తించి తమ్ముడికి కబురంపాను. వాడు సంచీ పట్టుకుని వచ్చి వసారాలో నిలబడ్డాడు. ఖాతూన్ బీ ముసుగు ముందుకు లాక్కుంది. “ఎట్లా ఉందమ్మా?” అని వాడు నెమ్మదిగా అడిగాడు.

“తగ్గింది బాబూ” అంది ముసుగులోంచి.

నమ్మండి, అదే మాట అంది. నా నోరు ఇక ఊరుకోలేదు. ఆ వసారా ఎగిరిపోయేటట్టు అరిచి, నెత్తురు సంగతీ, నీళ్ళ సంగతీ అంతా చెప్పాను. వింటున్నకొద్దీ తమ్ముడి ముఖంలో రంగు పోయింది. సంచీ నేల మీద పెట్టి పక్కనే కూలబడ్డాడు.

“ఆ బిళ్ళ ఒంట్లో ఇసకలా పేరుకుంటుందక్కా. నీళ్ళు తాగితేనే కొట్టుకుపోతుంది. లేకపోతే మూత్రం దారి మూసేస్తుంది. ఇంకా ఆలస్యమైతే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. బిళ్ళలు ఆపండి. ఈ సోడా పొడి కలిపి నీళ్ళు పట్టండి, ఎన్ని తాగితే అన్ని. ఇప్పుడే.”

ఖాతూన్ బీ పరదాకు అడ్డం నిలబడింది. “నా చేతులతో నీళ్ళు పోసి చంపుకోమంటారా? మా పెద్ద పిల్ల పురిట్లో పోయింది బాబూ. దానికి ఎవరో దొంగతనంగా నీళ్ళిచ్చారు. దీనికి నేను పొయ్యను. కాళ్ళు పట్టుకుంటా, పొయ్యను.”

తమ్ముడు బతిమాలాడు. నేను తిట్టాను. ఆమె కదల్లేదు. ఆమె మీద కోపంతో పాటు జాలి కూడా వేసింది నాకు, ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఏమని తొయ్యను? లోపల్నుంచి అబిదా గొంతు వినిపించింది. “అమ్మీ, నీళ్ళు” అంది. అంతకుముందు ఎన్నిసార్లు అడిగి మానుకుందో గానీ అది అడుగుతున్నట్టు లేదు, ఊరికే అలవాటుగా అన్నట్టుంది.

అప్పుడే బస్సు దిగి హబీబ్ వచ్చాడు. నేను చెప్పేదంతా గుమ్మంలో నిలబడి విన్నాడు. మసి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. బాలింత గదిలోకి అల్లుడు అడుగుపెట్టకూడదు, నలభై రోజులదాకా ఆ పరదా దాటకూడదు. అతను వసారాలోకి వచ్చి కూజా ఎత్తుకున్నాడు.

“బాబూ, వద్దు” అంది ఖాతూన్ బీ.

“వినుకొండ పోయేలోపు నా బస్సుకి నాలుగుచోట్ల ఆపి నీళ్ళు పోస్తా అత్తా. పొయ్యకపోతే ఇంజను పగిలిద్ది. నా పెళ్ళానికి పొయ్యనా?” పరదా వైపు నడిచాడు. “తప్పయితే నాదే. సార్ చెప్పింది విని కూడా నోరు మూసుకున్నా.”

ఆమెను పక్కకు జరిపి లోపలికి వెళ్ళాడు. అబిదా నీళ్ళు తాగుతున్న చప్పుడు వసారాలోకి వినిపించింది. ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఎవరికీ నిలకడ లేదు. తమ్ముడు సందు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. ఖాతూన్ బీ నమాజు చాప మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. హబీబ్ బావి నుంచి చేదలు చేదలు తెచ్చి కాచి చల్లార్చాడు. నేను పసిబిడ్డను భుజాన వేసుకుని వసారాలో నడుస్తూనే ఉన్నాను. నీళ్ళు లోపలికి పోతున్నాయి గానీ బయటికి రావడం లేదు. ఎండ గోడ దిగింది. తమ్ముడు నా దగ్గరికొచ్చి, “నేనే చంపానేమో అక్కా” అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఖాతూన్ బీ పరదా తోసుకుని వచ్చింది. “వచ్చింది బాబూ” అంది.

తమ్ముడు ఆమె వైపు చూశాడు. నమ్మడానికి వాడికి ధైర్యం చాలలేదు. “నిజంగానా అమ్మా? నా కోసం చెబుతున్నావా?”

ఖాతూన్ బీ విసురుగా లోపలికి వెళ్ళి, మట్టి మూకుడొకటి తెచ్చి వాడి ముక్కు కింద పెట్టింది. ముసుగు జారిపోయినా సర్దుకోలేదు. “చూసుకో! ఇంకా నమ్మకం లేదా?”

వాడు ఆ మూకుడు దీపం దగ్గరికి పట్టుకెళ్ళి, పండగపూట పాయసం చూసినంత ఇష్టంగా చూశాడు. ఊళ్ళోవాళ్ళు వాడికి దాపరికం లేకుండా చూపించిన మొదటి వస్తువు అదే.

అబిదా కోలుకుంది. తమ్ముడు మాత్రం కోలుకోలేదు. గుంటూరు వ్యాసం పక్కన పడేశాడు. బిళ్ళలిచ్చిన ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళాలన్నాడు, ఈసారి ఇద్దరం. ముందు నకరికల్లు వెళదామన్నాడు. ఇమాం సాహెబ్ కూతురూ బాలింతే కదా, ఆమెకు నీళ్ళు ఎవరు పోశారో, ఎలా నయమైందో తెలుసుకుంటే పనికొస్తుందని వాడి ఆశ.

హబీబ్ ఆ రోజు మా కోసం బస్సు అటు తిప్పాడు, అందులోనే వెళ్ళాం. ఇమాం సాహెబ్ ఇంటిముందు గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. మమ్మల్ని చూసి తడబడిపోయి నులకమంచం వాల్చాడు. తమ్ముడు కూర్చోలేదు.

“తాతా, మీ అమ్మాయిని ఒకసారి చూడాలి.”

ముసలాయన చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. “అమ్మాయి లేదు బాబూ” అన్నాడు.

“అత్తగారింటికి వెళ్ళిందా?”

“లేదు బాబూ. పోయింది. జొరం తగ్గిన మాట నిజం. ఒళ్ళు చల్లబడింది. ఆనక ఉచ్చ బిగిసిపోయింది. దాహం దాహం అని పోయింది. మట్టి చేసినాక మూడోనాటి దినం అయ్యిందనిపించుకుని మీ కాడికి వచ్చా.”

ముంజల గంప తెచ్చిన రోజు. కళ్ళకద్దుకున్న చెయ్యి. నేను ఆ మంచం మీద కూర్చుండిపోయాను.

“ఎందుకు చెప్పలేదు తాతా?” తమ్ముడి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. “నేను నిన్ను అడిగానే. తగ్గిందా అని అడిగానే.”

“మీరు జొరం సంగతి అడిగారు, చెప్పా. మిగతాది చెప్తే మీ చెయ్యి వణికిద్ది. చిన్న వయసు డాక్టరు. వణికిన చెయ్యితో ఎట్టా వైద్యం చేస్తారు?” ముసలాయన తమ్ముడి భుజం నిమిరాడు, ఓదార్పు తనకు కాకుండా వాడికే కావాల్సినట్టు. “మా పిల్ల ఎట్టాగూ పోయింది. ఊళ్ళల్లో ఇంకా పిల్లలున్నారు గదా బాబూ.”

తగ్గిందన్న మాట ఆయన దయతోనే అన్నాడు గానీ, దానివల్ల ఏం జరగబోయిందో ఆయనకు తెలియదు. ఆ రోజు అరుగు మీద నిజం చెప్పి ఉంటే తమ్ముడు అబిదాకు ఆ బిళ్ళలు అలా కట్టిచ్చేవాడు కాదు. ఈ సంగతి ఆయనతో ఎలా చెప్పను? నేనూ చెప్పలేదు. వచ్చేటప్పుడు దణ్ణం పెట్టి వచ్చాను.

తిరుగు ప్రయాణంలో బస్సు సగం దారిలో పొగలు కక్కుతూ ఆగింది. హబీబ్ దిగి మూత తీశాడు, ఆవిరి బుస్సుమని లేచింది. చెరువు వైపు డబ్బా పట్టుకుని వెళ్ళాడు. ఎండలో, చెట్టు లేని రోడ్డు మీద, తమ్ముడూ నేనూ బస్సు నీడన నిలబడ్డాం.

“ఇకనుంచీ తగ్గిందా అని ఎవరినీ అడగనక్కా” అన్నాడు తమ్ముడు. “ఏం తిన్నారు, ఏం తాగారు, పనికి వెళ్ళారా, నిద్రపోయారా, అవి అడుగుతాను. చూపించమంటాను.” తర్వాత నా వైపు తిరిగాడు. “నువ్వు పొద్దుట్నుంచీ ఏం తిన్నావు?”

“ఎందుకురా ఇప్పుడు?”

“నిన్న ఏం తిన్నావు? నేనిచ్చిన సీసా ఎక్కడుంది?”

“నా కడుపులో మంట ఎప్పుడో తగ్గిందని చెప్పాను గదా!”

అనేశాక నా గొంతులో ఖాతూన్ బీ గొంతు వినిపించింది నాకు. తమ్ముడు నా మీంచి కళ్ళు తిప్పుకోలేదు. నాకు చచ్చేంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

“తగ్గలేదురా” అని అరిచాను. “ఒక్కరోజు కూడా తగ్గలేదు. ఆ మందు పెరట్లో పారబోశాను. అన్నం తిని వారమైంది. నెత్తురు నల్లగా కక్కుకుంటున్నాను. చాలా? రాసుకో!”

వాడు రాసుకోలేదు. నా మణికట్టు పట్టుకుని నాడి చూడడం మొదలుపెట్టాడు. వాడి చెయ్యి వణుకుతోంది.